కాస్త తల వంచుతారా అండీ

మొన్న మేడ మీది గదిలోకి వెళ్తుంటే గుమ్మం పైకమ్మి ఠంగుమని నా నెత్తికి తగిలింది. గుడివాడలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రీ మిగిలిన ఇటుకతో, మిగిలిన ఓపికతో కట్టిన గది అది. దాని గుమ్మం మనిషి ఎత్తుకి బెత్తెడు తక్కువ. ఇన్నేళ్ళుగా వంగే వెళ్తున్నాను, మొన్న ఎందుకో వంగలేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. "చూసుకోవద్దూ!" అని మా ఆవిడ కింద నుంచి కేకేసింది. నేను మాత్రం నెత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నాకు దెబ్బ తగిలిన వెంటనే ఒక మాట వినపడాలి. "క్షమించాలి అన్నయ్యగారూ, కాస్త తల వంచుతారా అని అడుగుదామనుకుంటున్నానండీ, ఈలోపే తగిలేసింది" అనే మాట. నిజంగానే దానికోసం చెవి ఒగ్గి ఎదురుచూశాను. ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాట అనే మనిషి పోయి ఏడాది దాటింది. మెట్ల మీద కూర్చుని, బొప్పి కట్టిన చోటు అరచేత్తో రుద్దుకుంటూ ఏడ్చాను. దెబ్బకి ఏడుస్తున్నాననుకుని మా ఆవిడ పసుపు తెచ్చింది.

ఆ మనిషి నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. మా మావగారిది గుడ్లవల్లేరు దగ్గర పల్లె. ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి, ఆయన చిన్నల్లుడు. తోడల్లుళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు లోకంలో. మాకు ఆ భాగ్యం లేదు, మేమిద్దరం మర్యాదతోనే ఒకరినొకరు చంపుకున్నాం. ఎప్పుడు వెళ్ళినా మా అత్తగారు వేడివేడి గారెలు పళ్ళెంలో పెట్టి మా మధ్య ఉంచేవారు. "ముందు మీరు తీసుకోండి అన్నయ్యగారూ" అని ఆయన, "అబ్బే, మీరు కానివ్వండి" అని నేను. "మీ మర్యాదలు మండిపోనూ, గారెలు చల్లారిపోతున్నాయి నాయనా!" అని ఆవిడ నెత్తి కొట్టుకునేవారు. కార్లో ముందు సీటు దగ్గరా ఇదే గొడవ, భోజనానికి చేతులు కడుక్కునే కుళాయి దగ్గరా ఇదే గొడవ. ముప్పై ఏళ్ళ చుట్టరికంలో ఆయన నాకు ఒక్క పని చెప్పి ఎరగరు. మంచినీళ్ళ చెంబు నా పక్కనే ఉన్నా, తాను లేచి నా చుట్టూ తిరిగొచ్చి తీసుకునేవారు తప్ప, ఇటివ్వండి అని అనలేదు.

ఆయనకి చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల కొట్టు ఉండేది. గొంతే ఆయన పెట్టుబడి. "రండమ్మా, కూర్చోండమ్మా, ఈ గాజులు మీ చేతికి కాకపోతే ఇంకెవరి చేతికమ్మా" అంటుంటే, దారిన పోయేవాళ్ళు కూడా చెప్పులు విప్పి లోపలికొచ్చేవాళ్ళు. బేరం చెడినా ఆ గొంతు పెరిగేది కాదు. "మంచిదమ్మా, మళ్ళీ దయచేయండి" అనేవారు. అలాంటి గొంతు ఒక చలికాలంలో బొంగురుపోయింది. జలుబన్నారు, మిరియాల పాలన్నారు, అతిమధురం నమలమన్నారు. చివరికి విజయవాడ తీసుకెళ్తే డాక్టరు లోపల గొట్టం పెట్టి చూసి, క్యాన్సరే, ముందు కరెంటు, అదే రేడియేషన్, పెట్టి చూద్దాం, లొంగకపోతే స్వరపేటిక మొత్తం తీసేయాలి అన్నాడు. నేను కరెంటాఫీసులో పనిచేసి రిటైరయినవాణ్ణి. బయటికొచ్చాక, "చివరికి మీ డిపార్టుమెంటే దిక్కయింది నాకు అన్నయ్యగారూ" అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కరెంటు పెట్టడం అయిపోయింది. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూస్తామన్నారు. ఆ ఆగిన రోజుల్లోనే ఒక పొద్దున ఆయన ఫోన్ చేశారు. దివిసీమలో, పులిగడ్డ వంతెన దాటి కాస్త దిగువకి వెళ్తే, కృష్ణ ఒడ్డున చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పే క్లబ్బు ఒకటి ఉంది. సరుకివ్వడానికి అవనిగడ్డ వెళ్ళినప్పుడల్లా ఆయన వంతెన మీద స్కూటరాపి ఆ తెల్ల తెరచాపలు చూసేవారట. పడవకి ఇద్దరుండాలి కాబట్టి, మీరూ చేరతారా అని అడిగారు. ఒంట్లో బాగాలేనప్పుడు ఈ పడవలెందుకండీ అన్నాను. "అన్నయ్యగారూ, పోతే పోద్ది గొంతు. పోయేలోపు ఒక్కసారన్నా గట్టిగా అరవాలనుందండీ. కొట్లో అరవలేను. ఇంట్లో అరిస్తే మీ మరదలు హడిలి చస్తది. ఆ పడవలో చుక్కాని పట్టినోడు అరవాల్సిందేనటండీ, అరవకపోతే కుదరదంట. కనుక్కున్నాను" అన్నారు. ఒక మనిషి అరవడం కోసం ఇంత దూరం ఆలోచించుకోవడం నేనెక్కడా వినలేదు. కాదనలేక చేరాను.

క్లబ్బంటే పెద్ద హంగేమీ లేదు. ఒక రేకుల షెడ్డు, దాని ముందు బోర్లించిన ఫైబర్ పడవలు, తడి గోనెసంచుల వాసన వేసే లైఫ్ జాకెట్లు, మోకాటి దాకా దిగబడే బురద. నేర్పేది నేవీలో చేసి వచ్చిన ఒక పెద్దమనిషి, అందరికీ మాస్టారే. తెరచాప అడుగున ఒక అడ్డకర్ర ఉంటుంది. పడవ తిరిగినప్పుడల్లా ఆ కర్ర సరిగ్గా మనిషి తలెత్తున ఈ పక్కనుంచి ఆ పక్కకి విసురుగా వస్తుంది. చుక్కాని దగ్గరున్నవాడికి అది ముందే తెలుస్తుంది కాబట్టి, వాడు 'తల!' అని అరవాలి, ముందున్నవాడు వంగాలి. "చదువంటే ఇంతేనండీ, మిగతాది గాలే నేర్పుద్ది" అన్నారు మాస్టారు. నా తోడల్లుడు ఆ మాటని లోపల్లోపలే పెదాలతో అనుకోవడం చూశాను.

మొదటి రోజు మేం తెరచాప విప్పనేలేదు. మాస్టారు మోకాటి లోతు నీళ్ళలో పడవ పట్టుకుని ఎక్కమన్నారు. పాపం, పడవకి కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు నా తోడల్లుడు. "ముందు మీరెక్కండి అన్నయ్యగారూ." "భలేవారే, క్లబ్బులో చేర్చింది మీరు, మీరెక్కండి." ఇద్దరం చెరో కాలూ లోపల పెట్టాం. కూర్చునే దగ్గర మళ్ళీ మొదలైంది. చుక్కాని దగ్గర మీరంటే మీరని ఇద్దరం నిలబడే దండాలు పెట్టుకుంటున్నాం. పడవ ఎంతసేపని ఓర్చుకుంటుంది? ఒక పక్కకి ఒరిగి ఇద్దర్నీ ఒడ్డునే నీళ్ళలో పారేసింది. మాస్టారు నడుం మీద చేతులు పెట్టుకుని, "గాలికి మునిగిన పడవలు చూశానండీ, అలకి మునిగినవి చూశాను. మర్యాదకి మునిగింది మాత్రం ఇదే" అన్నారు. ఆ నీళ్ళలోనే కూర్చుని మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆయన పూర్తి గొంతుతో నవ్వింది అదే ఆఖరు అని ఇప్పుడు అనిపిస్తుంది.

పెద్దల్లుడు ఉండగా తాను చుక్కాని పట్టడమేమిటని ఆయన పట్టు. అందుచేత కొన్ని ఆదివారాలు నేనే పట్టాను, పడవ తాగినవాడిలా తిరిగింది. చూసి చూసి మాస్టారు స్థానాలు మార్చేశారు. ఆయన చేతికి గాలి ఇట్టే తెలిసిపోయేది. మణికట్టు ముట్టుకుని గాజు కొలత చెప్పే చెయ్యి అది. అక్కణ్ణుంచి నా నెత్తికి కష్టాలు మొదలయ్యాయి. కర్ర తిరగబోతుంటే ఆయన "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకపోతే కాస్త తల వంచుతారా..." అని మొదలుపెట్టేవారు, 'అండీ' దగ్గరికి వచ్చేసరికి కర్ర నన్ను తాకి వెళ్ళిపోయేది. ఇంటికెళ్తే మా ఆవిడ నా తలని మామిడికాయ నొక్కి చూసినట్టు చూసేది. "'తల' అనండి చాలు, ఇంకేం వద్దు" అని మాస్టారు బతిమాలేవారు. నన్ను తిట్టినా పర్వాలేదన్నాను. "మా నాన్నగారే మిమ్మల్ని గారు అనేవారండీ. నేనెట్టా అంటాను?" అన్నారు. ఒక సాయంత్రం మంగినపూడి బీచికి తీసుకెళ్ళాను, జనం లేని చోట సాధన చేద్దామని. నేను వీపు తిప్పి నిలబడ్డాను. అలల్లో నిలబడి ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. చివరికి "తల" అని వినపడింది. కొంచెం ఆగి, "అండీ" అని కూడా వినపడింది. వెనక్కి తిరిగి నవ్వబోయాను గానీ, ఆ రెండు మాటలకే ఆయన మెడ నరాలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నవ్వు మింగేశాను. జబ్బు మళ్ళీ వచ్చిందని మా ఇద్దరికీ అక్కడే తెలిసిపోయింది. డాక్టరు తర్వాత చెప్పాడంతే.

ఆపరేషన్ ఖాయమయింది. దానికి ముందు మిగిలింది ఒక్క ఆదివారం. ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళిద్దరూ మాస్టారు లేకుండా వెళ్ళి, నది మధ్య తేలే నారింజరంగు డబ్బాని చుట్టి వస్తేనే అసలు సభ్యులు. ఆ రోజు పైరగాలి మంచిగా వీస్తోంది. అవతలి ఒడ్డున మడచెట్ల మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి. నీళ్ళలో ఉప్పు వాసన. చుక్కాని దగ్గర నా తోడల్లుడు పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చున్నారు. మాటల్లేవు, అప్పటికే గొంతు పిల్లికూతలా అయిపోయింది. డబ్బా దగ్గరికొచ్చాం. పడవ తిరగాలి. ఆయన గుండె నిండా గాలి పీల్చుకోవడం నాకు వినపడింది. ఈసారి అరుస్తారని ఎంత ఆశగా ఉందో! ఆ అరుపు చూడాలని, వంగాల్సినవాణ్ణి వంగకుండా వెనక్కి తిరిగాను. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. మెడ బిగుసుకుని ఉంది. శబ్దం లేదు. 'తల' అన్నారో, 'అన్నయ్యగారూ' అన్నారో నాకు ఈనాటికీ తెలియదు. కర్ర నా చెవి మీద కొట్టింది, నేను ఆయన మీద పడ్డాను, పడవ మా ఇద్దరి మీదా పడింది.

నీళ్ళలో లైఫ్ జాకెట్లు చెవుల దాకా ఎగదన్ని తేలుతున్నాం. ఆయన పడవ అంచు పట్టుకుని నా దగ్గరికి పాక్కుంటూ వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "గట్టిగా తగిలిందా అన్నయ్యగారూ? క్షమించాలండీ" అన్నారు. గొంతంటూ మిగిలి ఉండగా ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. ఒడ్డుకి లాగాక మాస్టారు, "ఏం ఫర్లేదండీ, వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దాం" అన్నారు. మేమిద్దరం తలలూపాం.

ఆపరేషన్ తర్వాత ఆయన మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. చూడ్డానికి వెళ్తూ నేనొక ఈల కొనుక్కెళ్ళాను, లైఫ్ జాకెట్లకి కట్టే రకం. నా తెలివికి నేనే మురిసిపోయాను. "దీనికి అండీ తగిలించనక్కర్లేదు, ఊదితే చాలు. వింటే వంగుతాను" అన్నాను. ఆయన సంబరంగా పెదాల మధ్య పెట్టుకుని ఊదారు. బుగ్గలు ఉబ్బాయి, ఈల మోగలేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఒకసారి పైకి లేచి పడింది. మళ్ళీ ఊదారు. అప్పుడు మా మరదలు మెల్లిగా చెప్పింది, "ఊపిరి ఇంక నోటిదాకా రాదు బావగారూ, అటే పోద్ది" అని. అంతేకాదు, ఆ రంధ్రంలోకి నీళ్ళు పోతే ప్రాణానికే ముప్పు, పడవ మాట ఇంక తలపెట్టొద్దన్నారట. ఈల వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచాను. ఆయనే ఏం ఫర్లేదన్నట్టు చెయ్యి ఊపి ఓదార్చారు, ఈలని జాగ్రత్తగా దిండు కింద పెట్టుకున్నారు.

కొంచెం కోలుకున్నాక ఒక రోజు చేత్తో చుక్కాని తిప్పినట్టు చూపించారు. అర్థమై తీసుకెళ్ళాను. షెడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాం. ఎవరో కొత్తగా చేరిన ఇద్దరు డబ్బా వైపు వెళ్తున్నారు. ఆయన కళ్ళు ఆ తెరచాపని వదల్లేదు, కుడిచెయ్యి తొడ మీద తనంతట తానే చుక్కాని తిప్పుతోంది. పడవ తిరగబోయింది. ఆ క్షణంలో ఆయన ఎడమచెయ్యి లేచి నా నెత్తి మీద పడి, గట్టిగా కిందికి నొక్కింది. ముప్పై ఏళ్ళలో నా భుజం మీద కూడా చెయ్యి వేయని మనిషి. గట్టు మీద కర్రా లేదు, పాడూ లేదు. అయినా నేను వంగాను. గడ్డం మోకాళ్ళకి తగిలేదాకా వంగి, అలాగే ఉండిపోయాను. కాసేపటికి చెయ్యి తీశారు. తలెత్తి చూస్తే రెండు చేతులూ జోడించి ఉన్నారు, క్షమించమని.

ఆ వానాకాలం ఆయన దాటలేదు. మేం ఆ క్లబ్బులో సభ్యులం కానేలేదు. మొన్నటి బొప్పి కూడా అణిగిపోయింది, అణిగినందుకే బాధగా ఉంది. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర అవసరానికి మించి వంగుతున్నాను. కాలం మాత్రం ఆయనంత మర్యాద తెలిసింది కాదు, కాస్త తల వంచుతారా అని ఎవరినీ అడగకుండానే ఈ పక్కనుంచి ఆ పక్కకి తిరిగి వెళ్ళిపోయింది.