పులిహోర పొట్లం మీద మేక డెక్కలు

జ్వరంతో రెండు రోజులుగా ఏమీ ముట్టని మా ఆయన, కోరుకొండ స్వామి ప్రసాదమైతే తింటానన్నారు. గుళ్లో ఇచ్చిన పులిహోర పొట్లంతో రాజమండ్రి బస్సెక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన, ఇందాక గుళ్లో కనిపించిన రెండు జడల విదేశీ పిల్ల కూర్చుంది. పెరూ దేశపు అండీస్ కొండల నుంచి, కాలేజీలో వాళ్ల జానపద నృత్యం చేయటానికి వచ్చిందని వెంట ఉన్న మన అమ్మాయి చెప్పింది.

ఆ పిల్ల ఎండుకాయల గుత్తి లాంటిది చేతికి కట్టుకుని ఆడించింది. చేటలో మినుములు చెరిగినట్టు చప్పుడు. ఇలాంటివాటికి ముచ్చటపడే మనిషిని కాను గానీ, నేనే అడిగి తీసుకుని పొట్లం మీద పెట్టి ఆడించాను.

"ఏం కాయలమ్మా ఇవి?"

"కాయలు కాదు మామ్మగారూ, మేక డెక్కలండి. వాళ్ల అమ్మమ్మ మందలోవట."

నీచు తగిలిన ప్రసాదం ఆయనకెలా పెట్టను? మెతుకు పారేయని దాన్ని, పొట్లం కిటికీలోంచి విసరబోయాను.

"ఆగండాగండి! ఇందాక గుళ్లో డోలు విన్నారుగా? దానికి కట్టింది అరిటాకా ఏంటండీ?" అంది మన పిల్ల.

ఇన్నేళ్లుగా ఆ డోలు వింటూ దణ్ణం పెట్టాను. అదీ తోలేనని ఒక్కనాడూ తట్టలేదు. పొట్లం విప్పి పెరూ పిల్ల చేతిలో కాస్త పెట్టాను.

ఇంట్లో ఆయన మొత్తం తిన్నాకే సంగతి చెప్పాను. తిడతారనుకున్నాను.

"చప్పుడెలా ఉందే?" అన్నారు.

చేట తెచ్చి, మినుములు పోసి, చెరిగి వినిపించాను.