వార్డులో మల్బరీ ఆకు వాసన

దయ్యాలు, గాలి సోకడాలు, కలలో కనిపించి చెప్పడాలు, వీటిలో దేన్నీ నమ్మిన మనిషిని కాను నేను. మా ఊళ్ళో ఎవరికైనా దయ్యం పట్టిందంటే పని తక్కువై పట్టిందనేదాన్ని. ఒకసారి తాయెత్తులు కట్టే మనిషి మా గడప ముందు నిలబడి నల్లకోడి అడిగాడు. కోడి గుడ్లు పెడుతోంది, నీ దయ్యం ఏం పెడుతుంది, పోయిరా అని పంపేశాను. ఇప్పుడు నా బుద్ధి మారిందని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడదామని.

మాది బాగేపల్లి తాలూకాలో పాతపాళ్య దగ్గర ఒక చిన్న పల్లె. కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు మా నాయన నేర్పినవి. వర్షానికి పండే చేను కొంత, బోరు కింద కొంచెం మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. ఆ పురుగుల మీదే ఇల్లు నడిచింది.

కూతురు సుజాతను చింతామణిలో ఇచ్చాం. పోయిన ఏడు దానికి నెలలు నిండకముందే బి.పి. ఎక్కువై, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగబిడ్డ. నా రెండు అరచేతులు కలిపి పట్టుకుంటే అందులోనే సరిపోతాడు. బిడ్డను అంబులెన్సులో చిక్కబళ్ళాపురం పంపి, అక్కడ పసిబిడ్డల వార్డులో అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి బి.పి. దిగింది కానీ కుట్లకు చీము పట్టింది. కదలవద్దన్నారు. అల్లుడు మంజునాథ రోజూ దాని పాలు పిండించి, ఐసు డబ్బాలో పెట్టుకుని చింతామణి నుంచి బస్సులో తెచ్చేవాడు. బిడ్డ దగ్గర ఉండడానికి మిగిలింది నేను.

బిడ్డకు వేరే జబ్బేమీ లేదు. నొప్పి పుడితే ఊపిరి తీయడం మరిచిపోతాడు, అంతే. ఆ అంతేలోనే అంతా ఉంది.

రక్తం చూడడానికి మడమకు సూది పొడిచేవారు. సెలైన్ సూది ఊడితే ఇంకోచోట గుచ్చేవారు. ముక్కులోంచి గొట్టం మార్చేవారు. అప్పుడల్లా వాడి ముఖం ముడుచుకుపోయేది, నోరు తెరుచుకునేది, ఏడుపు మాత్రం బయటికి వచ్చేది కాదు. పెదాలు నల్లబడేవి. గుండె, ఊపిరి చూపించే మిషన్ మోగేది. సిస్టర్ వచ్చి వీపు రుద్దితే ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి తీసేవాడు. ఊపిరి మిషన్ మీద నుంచి వాడిని దించి కొద్ది రోజులే అయింది. ఇలా పదేపదే ఆగితే మళ్ళీ గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి మిషన్ ఎక్కితే ఆ లేత ఊపిరితిత్తులు ఎంతవరకు తట్టుకుంటాయో చెప్పలేమంది.

నేను వార్డులోకి వెళ్ళింది పురుగుల షెడ్డులోకి వెళ్ళినట్టే. పురుగులు పెంచే ఇళ్ళలో పద్ధతి ఒకటుంది. కాళ్ళు చేతులు కడుక్కోకుండా లోపలికి రాకూడదు. నూనె, పూలు, నశ్యం, ఏ వాసనా ఉండకూడదు. పురుగులు నిద్రకు పోయి పొర విడిచేటప్పుడు గట్టిగా మాట్లాడకూడదు, చేయి అసలు తగలకూడదు. తగిలితే చస్తాయి. వార్డులో కూడా అంతే శుభ్రం, అంతే మసక వెలుతురు, అంతే నిశ్శబ్దం. అందుకే సిస్టర్ సూది తీసిందంటే నేను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని గోడవైపు తిరిగేదాన్ని. ముట్టకపోవడమే బిడ్డకు మేలనుకున్నాను.

రేణుక అనే సిస్టర్ అది కనిపెట్టింది.

"ఏమవ్వా, మనవడికి సూదేస్తే నువ్వు గోడకు మొగం పెడ్తావు? గోడకేమన్నా నొప్పా?"

పురుగుల సంగతి చెప్పాను. నవ్వు ఆపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అది పురుగవ్వా, ఇది బిడ్డ. పురుగును ముట్టకుండా ఉండల్ల, బిడ్డను వదలకుండా ఉండల్ల. రా, చెయ్యి పెట్టు."

"సూదికి ఏడ్వకుండా యా బిడ్డ పెరిగిందమ్మా? నేను అయిదుమందిని కనింటి. ఏడిస్తే రొమ్ముకు బలం అనేవాళ్ళు."

"ఏడ్చేదానికీ బలం కావల్ల గదా. ఈయప్పకుండే బలం ఊపిరికే చాలకుండా ఉండాది."

చేతులు మళ్ళీ కడుక్కుని పెట్టె దగ్గరికి వెళ్ళాను.

ఆమె నేర్పింది ఇది. సూదికి ముందు వాడి నాలుక మీద తల్లిపాల చుక్కలు వేసి కాసేపు ఆగాలి. ఒక అరచేయి తలకు ఆనించి, ఇంకో చేత్తో కాళ్ళూ చేతులూ పొట్టకేసి ముడిచి, కడుపులో ఉన్నట్టే పట్టుకోవాలి. తట్టకూడదు, నిమరకూడదు, ఊపకూడదు. చేయి కదలకుండా ఉండాలి. సూది తీశాక కూడా వాడు సర్దుకునేదాకా వదలకూడదు. ఊపిరి ఆగితే మాత్రం వీపు మీద రెండు వేళ్ళతో మెల్లగా రుద్దాలి.

తర్వాత వాడిని నా ఒంటికే కట్టారు. తల్లి లేదు కాబట్టి అవ్వ అయినా సరే అన్నారు. ఆసుపత్రి గౌను ఇచ్చి, రవిక తీయమన్నారు. ఈ వయసులో ఇదేం ఖర్మ అనుకున్నాను.

"నా దగ్గర ఎముకలే ఉండాయి తల్లీ. వానికి గుచ్చుకుంటాయేమో."

"గుచ్చుకోనీలేవ్వా, సూది కంటే మేలే."

వాడి చెవి నా గుండె మీద ఆనింది. మోకాళ్ళు రెండూ నా పక్కటెముకల కింద చేరాయి. ఆ రోజు మడమకు సూది పొడిచినప్పుడు ముఖం ముడిచాడు, ఊపిరి మాత్రం ఆపలేదు. మిషన్ మోగలేదు. రేణుక నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. అప్పటి నుంచి సూది వేసే పని ఉంటే "అవ్వను పిలవండి" అనేవారు.

ఇంతవరకు ఇందులో వింత ఏమీ లేదు. వింత తర్వాత జరిగింది.

నెలలు నిండని బిడ్డలకు కంటి లోపల చూసే పరీక్ష ఒకటి చేస్తారు. మందు చుక్కలు వేసి, రెప్పలు మూసుకోకుండా సన్నని తీగ పెట్టి చూస్తారు. ఎన్ని చుక్కలు వేసినా బిడ్డకు అది కష్టమేనని, ఊపిరి ఆగేది ఎక్కువగా అప్పుడేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇది దాటితే తల్లి దగ్గరికి చేర్చే మాట ఆలోచిస్తామంది. కంటి డాక్టరు బెంగళూరు నుంచి రావాలి. అదే సమయానికి ఇంటి దగ్గర పురుగులు గూడు కట్టే దశకు వచ్చాయి. వాటిని ఆ పూటే చంద్రికల మీద, అంటే గూళ్ళు అల్లుకునే వెదురు తట్టల మీద వేయకపోతే పంట మొత్తం పోతుంది. కోడలు భారతి ఒక్కతే ఉంది. డాక్టరు వచ్చేది ఎల్లుండి కదా, రేపటికల్లా వచ్చేస్తానని రేణుకకు చెప్పి బస్సెక్కాను.

మరుసటి రోజు మధ్యాహ్నం షెడ్డులో పండిన పురుగులను ఏరి చంద్రికల మీద వేస్తున్నాను. ముందు కళ్ళు మండాయి. నేల మీద చల్లిన సున్నం రేగిందేమో అనుకుని కొంగుతో తుడుచుకున్నాను. రెప్పలు మూద్దామంటే మూతపడలేదు. ఎవరో వేళ్ళతో విప్పి పట్టుకున్నట్టు ఉంది.

ఆ వెంటనే గుండె మీద బరువు. నొప్పి కాదు, బరువు. బిడ్డను కట్టుకుంటే వాడి తల ఎక్కడ ఆనుతుందో, మోకాళ్ళు ఎక్కడ చేరతాయో నాకు తెలుసు. అవే చోట్లు, అదే వెచ్చదనం. వాడి ఊపిరి ఎలా తెరలు తెరలుగా వస్తుందో అలాగే నా చర్మం మీద తెలుస్తోంది. చేతిలో పురుగులు తట్టలో వదిలేసి కింద కూర్చున్నాను. నా చేతులు వాటంతట అవే పైకి లేచి, ఒకటి తల దగ్గర, ఒకటి కాళ్ళ దగ్గర ఆగాయి.

అప్పుడు ఆ ఊపిరి ఆగింది.

నాకు భయం వేసిందని రాయలేను. పని గుర్తొచ్చింది. ఖాళీ గాలిలో, వాడి వీపు ఉండాల్సిన చోట రెండు వేళ్ళతో మెల్లగా రుద్దాను. "తియ్యప్పా, ఊపిరి తియ్యి నాయనా" అన్నాను. గుండె మీద ఏదో ఉలిక్కిపడింది. మళ్ళీ ఊపిరి మొదలైంది. కొంతసేపటికి బరువు తేలికై పోయింది. రెప్పలు మూతపడ్డాయి.

తల ఎత్తితే భారతి గడప దగ్గర నిలబడి చూస్తోంది.

"ఎవురితో మాట్లాడతాండావత్తా? చేతులు ఏంటికట్ల పెట్టుకోనుండావు?"

"నీ పని నువ్వు చూడు. ఆ చంద్రిక నిండింది, ఇంగోటి ఎత్తకరా" అన్నాను.

సాయంత్రం అల్లుడు ఫోన్ చేశాడు. కంటి డాక్టరు అనుకున్నదానికంటే ఒక రోజు ముందే, ఆ మధ్యాహ్నమే వచ్చేశాడట. తను చేరేసరికే పరీక్ష అయిపోయిందట. "బాగుండాడత్తా. ఊపిరి మిషన్ పెట్టలేదు" అన్నాడు. షెడ్డులో జరిగింది నేను అతనికి చెప్పలేదు.

మరుసటి ఉదయం వార్డుకు వెళ్ళాను. నేను నోరు తెరవకముందే రేణుక అడిగింది.

"అవ్వా, నిన్న మద్యానం నువ్వు ఈడికి వచ్చింటివా?"

"పురుగులేస్తా ఊర్లో ఉంటి. యాడ వచ్చేది?"

ఆమె చెప్పింది ఇది. పాల చుక్కలు వేసి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. కాళ్ళు ఇంకో సిస్టర్ ముడిచి పట్టుకుంది. రెండో కంటికి తీగ పెట్టగానే బిడ్డ ఊపిరి ఆపాడు. మిషన్ మోగింది. డాక్టరు తీగ తీస్తున్నాడు, వీళ్ళ చేతులు ఇంకా ఖాళీ కాలేదు. ఇంతలోనే బిడ్డ ఉలిక్కిపడి తనంతట తానే ఊపిరి తీశాడు.

"వీపు మింద ఎవరో ఏలితో రుద్దినట్ల చర్మం కదిలిందవ్వా. నా కండ్లతో చూసినా. ఆమీట వాసన వచ్చె."

మల్బరీ ఆకు వాసన. పచ్చి ఆకూ, పురుగులూ కలిసిన వాసన. పురుగుల ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా రాదు. నా పని ఆమెకు తెలుసు కాబట్టి అలా అనిపించిందేమో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వాసన మాట ముందు ఎత్తింది తను కాదట. ఆ కంటి డాక్టరే ముక్కు ఎగబీల్చి, రేష్మె ఆకు, అంటే మల్బరీ ఆకు, లోపలికి ఎవరు తెచ్చారని కన్నడంలో అడిగాడట. నేనంటూ ఒక మనిషిని ఉన్నానని కూడా అతనికి తెలియదు.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె వెటకారం చేయలేదు. పాల చుక్కలు, ఒద్దికగా పట్టుకోవడం, ఇవే బిడ్డను దాటించాయంది. ఊపిరి ఒక్కోసారి దానంతట అదే తిరిగి వస్తుందంది. అది నేనూ నమ్ముతాను. వాడిని పట్టుకున్నవి ఆ ఇద్దరు సిస్టర్ల చేతులే. వాసన మాట అడిగితే మాత్రం "నాకు తెలియదమ్మా" అంది.

కుట్లు మానాక సుజాత చిక్కబళ్ళాపురం వచ్చింది. బిడ్డను దాని గుండె మీద కట్టి, చేతులు ఎక్కడ పెట్టాలో నేనే చూపించాను. వాడు తల్లి మీద పడుకుని ఎంత సులువుగా ఊపిరి తీశాడంటే, రేణుక మిషన్ వైపు చూడడం కూడా మానేసింది. ఇప్పుడు చింతామణిలో ఇల్లంతా దోగాడుతున్నాడు. కళ్ళు బాగున్నాయి. కనిపించిందల్లా లాగుతాడు.

సున్నం వల్ల కళ్ళు మండాయనుకోవచ్చు. మనసంతా బిడ్డ మీద ఉండి బరువు తోచిందనుకోవచ్చు. ఒక్కోదానికీ ఒక్కో కారణం నేనే వెతికి పెట్టుకున్నాను. అన్నీ కలిసి ఒక్క మధ్యాహ్నంలో ఎలా పట్టాయో మాత్రం ఎంత ఆలోచించినా తేలడం లేదు. వాడికి మాటలు రానీ, పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. వాడికీ తెలియకపోవచ్చు.