తిరిగి చెప్పాకే సంతకం

అందరూ ఎలా ఉన్నారు? హాడోలో మా వదిన మోకాళ్ళు ఈ వానలకి ఏమంటున్నాయి? మిన్నీ బేలో చెల్లెలి మనవరాలికి జ్వరం తగ్గిందా? ఇక్కడ దీవికి ఈ చివర మాయాబందర్‌లో మా వీధివాళ్ళ దగ్గులు గోడ అవతల నుంచే వినపడుతున్నాయి, వేరే అడగక్కర్లేదు. నా బీపీ సంగతి మీకు తెలిసిందే. క్షేమం అడగడానికి వీల్లేకుండా పోయినవారు ఒక్కరే. హాడోలోని మా ఆడిటర్ గారు పోయిన సోమవారం కాలం చేశారు.

ఫోన్లో ఆ కబురు విన్నప్పుడు పన్ను ఆఫీసు నోటీసు నా చేతిలోనే ఉంది. ఆయనకి చూపించాలని పట్టుకుని కూర్చున్నాను. మనిషి పోయారంటే ఏడవాలి కదా, నాకు ముందు నోటీసు గుర్తొచ్చింది. అందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

మా ఆయన పోయాక ఎండుచేపల దుకాణం నా పేరు మీదికి వచ్చింది. నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు కాగితం చూస్తే చెమటలు పడతాయి. ఆడిటర్ కోసం ఇద్దరి దగ్గరికి వెళ్ళాను. ఇద్దరూ నా కాగితాల సంచీ విప్పకుండానే “హో జాయేగా”, అయిపోతుందిలే అన్నారు. మూడో ఆయన, అంటే ఈయన, అన్నీ తిరగేసి, “ఇందులో ఒకటి నాకూ అర్థం కాలేదమ్మా. కనుక్కుని చెప్తాను, రేపు రండి” అన్నారు. తెలీదని చెప్పినవారు ఆయనొక్కరే. ఆయన్నే పట్టుకున్నాను.

మొదటి ఏడే నవ్వులపాలయ్యాను. వానాకాలంలో మా దగ్గర కాగితాలకి బూజు పడుతుంది. అందుకని ఆయన సంతకానికి పంపిన ఫారంతో సహా అన్నింటికీ లామినేషన్ చేయించి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

“ఇదేంటమ్మా, ఫారానికి కూడా రెయిన్‌కోట్ వేశారు?”

“తడిసిపోద్దని బాబూ.”

“బహుత్ అచ్ఛా. ఇప్పుడు సంతకం ఎక్కడ పెడతారు, ప్లాస్టిక్ మీదా?”

నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, కొత్త ఫారం తీశారు.

ఆయనకో పద్ధతి ఉండేది. కాగితంలో ఉన్నదంతా తెలుగులో చెప్పి, పెన్ను మాత్రం జేబులోనే ఉంచుకునేవారు. “ఇప్పుడు మీరు నాకు చెప్పండి” అనేవారు. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి. వంతు కోసం బల్ల మీద కూర్చున్నవాళ్ళు విసుక్కునేవారు.

“భయ్యా, ఈవిడ పరీక్ష ఎప్పటికవుద్ది?”

“పాసయ్యేదాకా. బైఠో ఆరామ్‌సే, తొందరేం లేదు.”

ఒకసారి నాకే కోపం వచ్చింది. “మీరుండగా ఇదంతా నాకెందుకు బాబూ?” అన్నాను.

“నేను ఒకరోజు సెలవు పెడితే?” అని ఫ్యాను నా వైపు తిప్పారు.

సరిగ్గా తిరిగి చెప్పినరోజు పెన్ను మూత తీసి మరీ ఇచ్చేవారు. దుకాణం నడిపింది నేనే అయినా, నడుపుతున్నానన్న ధైర్యం ఇచ్చింది ఆ పెన్నే.

ఇప్పుడేం చేయాలో తోచడం లేదు. నోటీసుకి నెలాఖరులోగా జవాబు ఇవ్వాలట. పాత కాగితాలన్నీ తాళం వేసిన ఆయన గదిలో ఉన్నాయి. ఇంకో ఆడిటర్‌కి ఫోను చేస్తే, “ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి పంపండి, చూస్తాను” అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చావు ఇంటికి కాగితాల కోసం ఫోను చేయడానికి నోరు రాలేదు. నిన్న ఆయన భార్యే చేసింది.

“అమ్మా, దీపం పెట్టడానికి ఆయన గదిలోకి వెళ్తే, మీ కాగితాల కట్ట మీద ఆయన చీటీ అంటించి ఉంది. ‘చదివి వినిపించాలి, తిరిగి చెప్పించుకోవాలి’ అని. ఎవరికి రాశారో మరి. బుధవారం అందరి కోసం గది తెరుస్తాం, వచ్చి తీసుకెళ్ళండి.”

ఆ చీటీ ఎవరు చదువుతారు? ఎవరు తిరిగి చెప్పించుకుంటారు? మంగళవారం బస్సెక్కి వదిన ఇంట్లో దిగుతాను. నోటీసుని రెండు పాలిథిన్ సంచుల్లో చుట్టాను గానీ, లామినేషన్ చేయించలేదు. బుధవారం పది గంటలకి ఆ గది ముందు ఉంటాను.