బెల్లం గడ్డ మీద జంట శిఖరాలు

మా పై అంతస్తు సారు పోయారు. పంజాగుట్ట ఆసుపత్రి నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "అన్నగారూ, మాస్టారు ఇక లేరండీ" అన్నారు. "వస్తున్నానమ్మా" అని మాత్రం అన్నాను. నాకు మాటలు తక్కువని మా అమీర్‌పేట అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

సారు కోచింగ్ సెంటర్‌లో భూగోళం చెప్పేవారు. నేను ఊరి బడిలో ఏడుతో ఆపినవాణ్ణి. ఒకరోజు టీ కొట్టు దగ్గర మా ఊరి జంట గుట్టల సంగతి చెప్పాను. "పొలం కాడ కొట్లాడిన అన్నదమ్ములంట సారూ. రాళ్ళయి మొకాలు తిప్పుకొని నిలబడ్డరంట."

సారు టీ గ్లాసు వదిలేసి లేచారు. "రెండు కాదండీ బాబూ, ఒక్కటే కొండ! ఉండండి, చూపిస్తా!"

పక్క కిరాణాలో బెల్లం గడ్డ కొన్నారు. దాని నెత్తిన తాళంచెవితో లోతుగా గీత గీసి, టీ కొట్టాయన దగ్గర వేడినీళ్ళు అడిగి చుక్కచుక్కగా వదిలారు. "ఇదే వాన. కొండకి పగులుంటే నీళ్ళు అందులోకే దిగుతాయి. అక్కడి రాయి మెత్తబడి మట్టయి కొట్టుకుపోతుంది. అటూ ఇటూ గట్టిది మిగులుతుంది."

నడిమి భాగం కరిగింది. రెండు శిఖరాలు తేలాయి! అరవై ఏళ్ళుగా చూస్తున్న గుట్టలు నాకు అప్పుడు అర్థమయ్యాయి. మీరూ ఒక గడ్డ తెచ్చి చూడండి.

ఇక సారుకు ఎక్కడ చూసినా జంట శిఖరాలే. అన్నం మధ్యలో పప్పు పోసుకుని "రెండు కొండల నడిమి దారి, కనుమ చూశారా!" అనేవారు. మంచునదులు రెండు పక్కలా కోసిన కొండలు, రెండు నోళ్ళున్న అగ్నిపర్వతాలు... మెట్రోలో చేతులూపుతూ చెబుతుంటే, పంజాగుట్టలో దిగాల్సినవాళ్ళం ఖైరతాబాద్ దాకా పోయేవాళ్ళం. చివరికి ఒకటే మాట: "ఇంకొకరికి చెప్పండి. అప్పుడే మీకు వచ్చినట్టు."

ఆసుపత్రి మంచం మీద కూడా అడిగారు, "ఎవరికైనా చెప్పారా?" అని. తల అడ్డంగా ఊపాను.

పెద్దకర్మ నాడు సెల్లార్‌లో అందరూ ఆయన గురించి మాట్లాడారు. "మీరూ రెండు మాటలు చెప్పండి అన్నగారూ" అన్నారు సారు భార్య. లేచాను. అందరి మొహాలూ చూసి మళ్ళీ కూర్చోబోయాను.

"మాట్లాడుండ్రి పెద్దాయనా, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు వాచ్‌మన్.

"అమ్మా, జర బెల్లం గడ్డ, చెంబుల వేడినీళ్ళు ఇయ్యుండ్రి" అన్నాను.

"పానకం జేస్తవా ఏంది అన్నా?" పక్క ఫ్లాటాయన నవ్వాడు.

పళ్ళెంలో గడ్డ పెట్టి గీత గీశాను. "గిది వాన..." అన్నాను. తర్వాతి మాటలు వాటంతటవే వచ్చాయి. కుర్చీలు ముందుకు జరిగాయి.

"అరే, రెండైనయ్!" పక్క ఫ్లాటాయనే అరిచాడు.

"రెండు గాదు. జర కింద చూడు. ఒక్కటే" అన్నాను.

ఆ పళ్ళెం ఆమె కడగలేదు. పొద్దున పైకి వెళ్తే, సారు ఫోటో ముందు ఉంది. రెండు శిఖరాల నడుమ, కనుమ దాటుతూ చీమల బారు.