లైట్ తీసుకోమన్న బాబాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో లైటంటే వసారాలో వేలాడే బల్బు ఒక్కటే. ఆ మాటను నానారకాలుగా వాడొచ్చని చూపించినవాడు మా బాబాయి. నాన్నకు వరసకు తమ్ముడు. దర్శిలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు పెట్టాక ఆయనకు తెలుగు చాలకుండా పోయింది. మా ఇంటికొస్తే "టీ లైటుగా పెట్టు వదినా" అనేవాడు. పంచదార తగ్గించాలో, డికాషన్ తగ్గించాలో అమ్మకెప్పుడూ అర్థమయ్యేది కాదు. "లైటుగా తింటాను" అని కూర్చుని కూరగిన్నె ఖాళీ చేసి లేచేవాడు. కళ్లంలో ఆరబోసిన మా మిరపకాయలు చూసి, "రంగు లైటుగా ఉందన్నయ్యా, మిర్చి యార్డులో అడిగేవాడుండడు" అని పెదవి విరిచేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక కుర్రకారు నోట "లైట్ తీసుకో" అన్న మాట పడింది. పట్టించుకోకు అని దానర్థం. తల నెరుస్తున్న మా బాబాయి దాన్ని కొత్త చొక్కాలా తొడుక్కుని తిరిగాడు. పక్కింటాయన గేదె కరెంటు తీగ తగిలి చచ్చిపోతే, పలకరించడానికొచ్చి "లైట్ తీసుకోండి" అన్నాడు. ఆ గేదె పాలమ్ముకునే బతికే మనిషి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికెళ్లిపోయాడు.

ఆ ఏడు నాన్న మిరప విత్తనం ఆయన కొట్లోనే తెచ్చాడు. "నా సొంత పొలంలో వేసిన రకమన్నయ్యా" అని నమ్మబలికాడు బాబాయి. చెట్లు నడుమెత్తు పెరిగాయి. పూతంతా రాలిపోయింది. నిలిచిన ఒకటీ అరా కాయలు వంకర్లు తిరిగాయి. నాన్న కొట్టుకెళ్లి, ఆయన ఇప్పించిన కూల్‌డ్రింకు తాగి తిరిగొచ్చాడు.

"ఏమన్నాడు?" అనడిగింది అమ్మ.

"తమ్ముడు గదా, గట్టిగా అడగలేకపోయాను."

మర్నాడు అమ్మ చేలోకెళ్లి ఓ మిరపచెట్టును వేళ్లతో సహా పీకింది. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. కొట్టు నిండా రైతులు. మట్టి రాలుతున్న ఆ చెట్టును తీసుకెళ్లి బాబాయి ముందు బల్లమీద పెట్టింది. నాకు సిగ్గేసి తల దించుకున్నాను.

"ఏంది వదినా ఇది, నలుగురిలో? వాతావరణం అట్టుంది. లైట్ తీసుకో."

"లైటుగానే ఉంది అబ్బాయ్. కాయే లేదు, ఇంక బరువేముంటది?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నీ సొంత పొలంలో వేశానన్నావుగా. అదెక్కడుందో చెప్పు, వీళ్లూ నేనూ పోయి చూసొస్తాం."

ఆయన పొలం ఎప్పుడో అమ్మేశాడు. ఆ సంగతి విత్తనం వేశాకే మా చెవిన పడింది, రైతులకు తెలియదు.

విత్తనాల ప్యాకెట్టు పట్టుకున్న ఓ పెద్దాయన, "ఏ ఊళ్లో ఉందయ్యా నీ పొలం?" అని అడిగాడు. బాబాయి నవ్వబోయాడు. నవ్వు కుదరక, బల్లమీద మట్టి పడిందని గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు. పెద్దాయన ప్యాకెట్టు అక్కడే పెట్టి మెట్లు దిగాడు. వెనకే ఇంకొందరు. అప్పుడు తలెత్తి బాబాయి ముఖం తేరిపార చూశాను. అంత చిన్న మనిషికా ఇన్నాళ్లూ మేం లేచి కుర్చీ వేసింది అనిపించింది.

మాకు పరిహారమేమీ రాలేదు. నాన్న మిరప దున్నేసి శనగ చల్లాడు. వదినకు లోకజ్ఞానం లేదని బాబాయి బంధువులందరికీ చెప్పుకు తిరిగాడు. కొన్నాళ్లకు కొట్టు తీసేసి ప్లాట్ల వ్యాపారంలో దిగి మేడ కట్టాడు. గృహప్రవేశానికి పిలవడానికి పిన్నిని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు అమ్మ ఆమె చేత బొట్టు పెట్టించుకోలేదు.

"మేం రాం అబ్బాయ్" అంది గుమ్మంలోనే నిలబడి.

ఆయన నాన్నవైపు చూశాడు. నాన్న పశువులకు మేత వేయాలని లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు.