చక్రధర్ గారి ఎడమ వైపు

అమెరికాలో, మోరిస్‌విల్ ఊళ్ళో, మా తెలుగువాళ్ళ ఆదివారం బాస్కెట్‌బాల్ లీగ్‌కి పదకొండేళ్ళు రిఫరీ చక్రధర్ గారే. అరవై రెండేళ్ళ మనిషి. వారమంతా ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ ముందు వంగి కూర్చుంటారు. ఆదివారం పొద్దున చారల చొక్కా వేసుకుని జిమ్‌లోకి వస్తే మాత్రం రెండంగుళాలు పొడుగ్గా కనిపించేవారు.

స్కోరు రాసేది నేను. ఆట తెలిసి కాదు. మావారు రెండు వారాలు ఆడి, ఆయాసమొచ్చి మానేశారు. ఖాళీగా కూర్చున్న నా చేతిలో పెన్ను పెట్టారు. మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాను. ఫౌల్ చేసినవాడి చొక్కా నంబరు రిఫరీ వేళ్ళతో చూపిస్తాడు. ఇరవై మూడుకి ఆయన ఒక చేత్తో రెండు, ఇంకో చేత్తో మూడు చూపిస్తే, నేను కలిపి ఐదు ఫౌల్స్ రాశాను. ఐదైతే ఆట నుంచి బయటికే. ఒక్క తప్పు చేసిన ఆ కుర్రాడు పాపం బ్యాగు సర్దుకున్నాడు. చక్రధర్ గారు పుస్తకం చూసి, నవ్వు ఆపుకోవడానికి విజిల్‌ని పళ్ళతో బిగబట్టారు. ఆ తరువాత ఆరు వారాలు, ఆట అయ్యాక నా పక్కన కూర్చుని ఓపిగ్గా రూల్స్ చెప్పారు.

తనతో ఎవరైనా వాదిస్తే ఆయనకు మహా సంతోషం. గీత దగ్గరికి లాక్కెళ్ళి, బంతి ఎవరికి తగిలిందో, ఎక్కడ దాటిందో చూపించి మరీ ఒప్పించేవారు.

పోయిన ఏడాది ఆయన ఎడమ కంటి చూపు బాగా తగ్గింది. ఎవరితోనూ అనలేదు. కానీ ఆ వైపు గీత దాటిన బంతులు, చివరగా ఎవరికి తగిలాయో కనిపించక, తప్పు జట్టుకి ఇవ్వసాగారు. అప్పుడు రఘువీర్ అనే కెప్టెన్ వాట్సాప్‌లో ఆయన లేని గ్రూపు ఒకటి తెరిచాడు. అంకుల్‌తో ఎవరూ ఆర్గ్యూ చేయొద్దు, ఆయన తప్పు తీర్పు ఇస్తే లాభపడిన టీమే బంతిని చెయ్యి జారినట్టు విసిరి అవతలివాళ్ళకి ఇచ్చేయాలి, అని. అందరూ సరేనన్నారు. నేనైతే ఎంత మంచి పిల్లలో అనుకుని కళ్ళు తుడుచుకున్నాను కూడా. పెద్దవాళ్ళని నొప్పించకూడదని ఇళ్ళలో మేం నూరిపోసింది వీళ్ళు ఆటలోకి తెచ్చారు.

ఏప్రిల్‌లో ఫైనల్. నలభై సెకన్లే మిగిలాయి. నీల్ అనే కుర్రాడి జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. నీల్ చేతికే తగిలి బంతి ఎడమ గీత దాటింది, అంటే అది అవతలి జట్టుకి రావాలి. చక్రధర్ గారు దాన్ని నీల్ జట్టుకే ఇచ్చారు. కంగారులో నీల్ జారినట్టు నటించడం మరిచిపోయి, తీసుకెళ్ళి అవతలి కెప్టెన్ రఘువీర్ చేతుల్లో పెట్టాడు.

ఆయన విజిల్ ఊదారు.

"ఎందుకిచ్చావ్ నీల్?"

నీల్ ఇక్కడే పుట్టినవాడు. అబద్ధం ఆడేంత తెలుగు రాదు.

"మేం ఆల్వేస్ ఇస్తాం అంకుల్. మీకు ఆ సైడ్ కనిపించదు కదా."

"ఎప్పట్నుంచి?"

"లాస్ట్ ఇయర్."

ఆయన తల కొంచెం తిప్పి, నన్ను కుడి కంట్లోకి తెచ్చుకున్నారు. "నీకూ తెలుసామ్మా?"

నేను ఏదో రాస్తున్నట్టు వంగాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, పెన్ను మూత తీయాలన్న తెలివి కూడా లేకుండా.

మిగిలిన నలభై సెకన్లు ఆయనే ఆడించారు. ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా, పెళ్ళి పందిట్లో విస్తళ్ళ మధ్య నడిచినట్టు ఆడారు పిల్లలు. గెలిచినవాళ్ళు కూడా అరవలేదు.

అందరూ వెళ్ళాక ఆయన నా పక్కన కూర్చుని ఏడాది స్కోరు పుస్తకం అడిగారు. ఒక్కో పేజీ కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పారు. దాంట్లో పాయింట్లుంటాయి, ఫౌల్స్ ఉంటాయి. బయటికి పోయిన బంతి ఎవరికిచ్చారో ఎవరూ రాయరు. ఆ సంగతి నాకు నేర్పిందే ఆయన. అయినా చివరిదాకా తిప్పారు.

"నా తప్పులు ఎన్ని ఉంటాయమ్మా?"

"నాలుగో ఐదో ఉంటాయండి," అన్నాను. ఒక్క ఆదివారానికే అన్ని ఉండేవి.

సరేనమ్మా అని పుస్తకం మూశారు. వచ్చే ఆదివారానికి వేరే ఎవరినైనా చూసుకోమని చెప్పి, చొక్కా మార్చుకోకుండానే వెళ్ళిపోయారు.