రెండు దారాలు పడ్డ ఫిల్ము

అరలోంచి ఫిల్ము పలక తీసి చూసేసరికి దానికి రెండు ఎర్రదారాలు కట్టి ఉన్నాయి. ఆయన మళ్లీ లెక్కపెట్టాడు. ఒక్కటే ఉండాలి.

వీధిలో అందరూ ఆయన్ని నల్లగుడ్డాయన అంటారు. పాతకాలపు పెద్ద కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి, "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని ఎదుటివాళ్లను హడలగొట్టడం ఆయనకు అలవాటు. ఆ మాట చెవినపడితే వీధిలో పిల్లలు ఆటలాపి శిలల్లా నిలబడి, ఆనక ఆయన్ని చూసి పకపకా నవ్వేవాళ్లు.

మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి తీసే ఫొటోలకు ఓ పద్ధతుంది. ముందు ఆయన తనకు నచ్చింది తీసి, ఫిల్ము బిగించిన పలకకు ఓ దారం కట్టి అరలో పెడతాడు. అందులో ఏముందో అడక్కుండా ఆవిడ అదే ఫిల్ము మీద తనకు నచ్చింది తీసి, రెండో దారం కడుతుంది. కడిగేదాకా ఎవరేం తీశారో ఇద్దరూ నోరు విప్పకూడదు. అలా ఒకదాని మీద ఒకటి పడ్డ బొమ్మలే వాళ్లకు పేరు తెచ్చాయి. ఈ మౌనవ్రతం ఫిల్ముల వరకే. ఇంట్లో మిగతా విషయాలన్నిటికీ నోళ్లు బాగానే లేస్తాయి.

ఈసారి ఆ పలకలో ఉన్నది ఆయన తల్లి. ఇంట్లో గోడలన్నీ ఫొటోలే, ముసలమ్మది మాత్రం ఒక్కటీ లేదు. కెమెరా కనిపిస్తే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టేసేది. అలాంటిది, ఆస్పత్రి నుంచి వచ్చాక ఓ పొద్దున తనే పిలిచి, "ఒరే, తీస్తే తియ్యి. మీ ఆవిడకు మాత్రం చెప్పకు" అంది. చీకటి గది గుమ్మంలో కుర్చీ వేసి తీశాడు. తీయగానే ఆమెకు ఆయాసం వచ్చింది. మందు కోసం పరిగెత్తే కంగారులో ఆయన చెయ్యి అలవాటు కొద్దీ దారం కట్టి పలకను అరలో పెట్టేసింది. తల్లి కొన్నాళ్లు తేరుకుని, తర్వాత నిద్రలోనే పోయింది. పలక సంగతి ఆయనకు ఇవాళే గుర్తొచ్చింది.

పలక పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

"దీన్ని వాడావా?"

"అరలో ఉంటే నా వంతే కదా."

"ఇందులో అమ్మ ఉంది. ఉన్నది ఇదొక్కటే."

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"అత్తయ్యనా? ఎప్పుడు తీశారు?"

"నేనడిగింది చెప్పు. దీని మీద ఏం తీశావు? ఎండా? తెల్లగోడా? వెలుతురు ఎక్కువ పడితే అమ్మ మొహం తుడిచిపెట్టుకుపోతుంది."

ఆవిడ పొయ్యి ఆపేసింది. "ఇప్పుడు చెప్తే కడగడానికి మీకు చేతులాడవు. పదండి."

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫిల్ము కడిగే గది అంటే పాత స్నానాలగదే. కిటికీకి అట్ట కొట్టి ఉంటుంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, మందునీళ్ల తొట్టిని ఆయన మెల్లగా ఊపుతున్నాడు. పక్కనే ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. భుజానికి భుజం తగిలితే పక్కకు జరిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను అంతగా అసహ్యించుకున్నది లేదు. అరలో పెట్టింది తన చెయ్యేనన్న సంగతి తెలిసి మరీ అసహ్యించుకున్నాడు.

ఫిల్ము ఆరాక కూడా వెలుతురుకు ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది. దాన్ని అలాగే కాగితం మీద అచ్చువేసి, ఎర్రదీపం కింద తొట్టిలో వదిలాడు.

ముందు గుమ్మం చీకటి తేలింది. ఆ చీకటి మధ్యలో అమ్మ, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పెదాలు బిగించి, ఏదో తప్పు చేసి పట్టుబడినట్టు కూర్చుని ఉంది. ఆమె చెవినీ భుజాన్నీ కమ్మేస్తూ పక్కనే ఇంకో మొహం వస్తోంది. ఆయన తొట్టి మీదికి వంగాడు.

అదీ అమ్మే. నోరంతా తెరిచి నవ్వుతోంది. అడ్డం పెట్టబోయిన చెయ్యి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది.

"అత్తయ్య కాస్త తేరుకున్నాక, మీరోసారి మందులకు వెళ్లినప్పుడు, తన ఫొటో తీయమని నన్నూ అడిగారు. వాడికి చెప్పకు, ముందు నాకు చూపించు అన్నారు," అంది ఆవిడ. "ఆ గుమ్మంలోనే తీశాను. ఇందాక మీరు అమ్మ ఉందనగానే, రెండూ ఒకదాన్నొకటి మింగేసుంటాయని నా ప్రాణం పోయింది."

ఆయన చాలాసేపు ఆ నవ్వునే చూశాడు. అమ్మకు అలా నవ్వడం వచ్చని ఆయనకు తెలియదు.

"నేను తీసినప్పుడు ఎందుకు నవ్వలేదు?"

ఆవిడ కాగితాన్ని అంచు పట్టి నీళ్లలోకి మార్చింది.

"మీరు కదలొద్దు అని ఉంటారు," అంది మెల్లగా.

ఆయన తొట్టి అంచు పట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.